కాగితం పూలు, కాగితం పగడాలు

కవిత్వం నచ్చనప్పుడు మన విమర్శకులు వాడే మాటల్లో "కాగితం పూలు" ఒకటి. రంగు వుంది, వాసన లేదు అని దాని అర్థం. ఈ మాటను నేనూ ఇరవయ్యేళ్లుగా వాడుతున్నాను. రూపం మీది మోజుతో రాసిన అనుభూతివాద కవితల్ని కాగితం పూలన్నాను. మన శిబిరంలోనే ప్రతి పద్యం చివరా ఒక ఎర్ర మందారాన్నీ, ఒక బిగించిన పిడికిలినీ తగిలించి పంపే కవుల్ని కూడా, మొహమాటం తక్కువగా వున్న రోజుల్లో, ఆ మాటే అన్నాను. ఆ మాట వెనక ఒక సిద్ధాంతం వుంది. ప్రకృతి అసలు, కళ నకలు; కాగితం ప్రాణం లేని పదార్థం కనక దానితో చేసినదేదీ బతకదు అనేది ఆ సిద్ధాంతం. దీన్ని నేను ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు. (మన ఊళ్లలో బోగన్‌విలియాను కాగితాల పూల చెట్టంటారు. బతికున్న చెట్టుకే కాగితం పేరు పెట్టుకున్నాం. అక్కడ మనం పువ్వనుకునేది కూడా పువ్వు కాదు, రంగు తేలిన ఆకు. అసలు పువ్వు దాని నడుమ తెల్లగా, చిన్నగా వుంటుంది.)

పరీక్షకు పెట్టవలసిన అవసరం కిందటేడు సికింద్రాబాదులో నేను పనిచేసే బడిలో వచ్చింది. విజ్ఞాన ప్రదర్శనలో తెలుగు మాస్టర్లకు మామూలుగా పని వుండదు. ఆ ఏడు నిర్ణేతలు చాలక నన్నూ కూచోబెట్టారు. నీటి శుద్ధి యంత్రాలు, అగ్నిపర్వతాలు, గాలిమరలు దాటుకుంటూ పోతే చివరి బల్ల మీద తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితంతో చేసిన పగడపు దిబ్బను పెట్టుకుని నిలబడి వుంది. అట్టపెట్టె మూత మీద రెండడుగుల పొడవున, అంతా తెల్లగా వుంది. కొమ్మలు, గిన్నెలు, ముడతలు పడ్డ ఆకులు, మెదడులా మెలికలు తిరిగిన గుండ్లు. రంగు ఎక్కడా లేదు. నేను చూసి, "పూలు బాగా చేశావమ్మా, రంగు కాగితం దొరకలేదా?" అన్నాను.

"పూలు గావు సార్. ఇవి పురుగులు గట్టుకున్న ఇండ్లు. నీళ్లు ఎచ్చగైతే గిట్లనే తెల్లగైతయి. రంగు ఏస్తే అబద్ధమైతది" అంది ఆ అమ్మాయి.

నేను నవ్వి ముందుకు పోయాను. పదికి నాలుగు మార్కులు వేసి, "అలంకరణ ఎక్కువ, విషయం తక్కువ" అని రాశాను. బహుమతి ఒక గాలిమరకు వచ్చింది. ఆ వారం రోజులూ ఆ వాక్యం నన్ను వదల్లేదు. "రంగు ఏస్తే అబద్ధమైతది" అనడం సాహిత్య విమర్శలో చెప్పదగ్గ మాట. అలాంటి మాట నేను ఎప్పుడు రాశానో గుర్తు చేసుకోబోతే నాకు దొరకలేదు. అప్పుడు కూచుని పగడం గురించి చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం. ఆ నాలుగు మార్కులకు సంజాయిషీ అనుకున్నా అనుకోవచ్చు.

తెలుగు సాహిత్యంలో పగడానికి చాలా చనువైన స్థానమే వుంది, కానీ అది పెదవి మీదే ఆగిపోయింది. ప్రబంధ నాయికల పెదవులన్నీ పగడాలే. నవరత్నాల్లో పగడం ఒకటి. జాతకాల్లో కుజుడి రాయి. మెడలో పూస, వేలికి ఉంగరం. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల జాబితా వుంది. కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలతో పాటు పగడం కూడా అందులో వుంది. అంటే మన కవులకు పగడం సముద్ర జీవిగా కాక ఓడ దిగిన సరుకుగా పరిచయం. ఆ ఎర్ర పగడం పుట్టిల్లు ప్రధానంగా మధ్యధరా సముద్రం. లోతు నీళ్లలో నెమ్మదిగా పెరిగే వేరే జాతి అది, దిబ్బలు కట్టే జాతి కాదు. దిబ్బలు కట్టే పగడాన్ని తెలుగు కవి చూసే అవకాశమూ లేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరూ ఒండ్రూ కలిసే మన తీరంలో దిబ్బలు పెరగవు. వాటికి తేటనీరూ వెలుతురూ కావాలి. మన దేశంలో అవి వున్నది లక్షద్వీపాల్లో, అండమాన్ నికోబార్‌లలో, మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో.

పూసనుంచి దిబ్బకు వస్తే విషయం పూర్తిగా మారిపోతుంది. దిబ్బను కట్టేది కొన్ని మిల్లీమీటర్ల మెత్తని జీవి. దాన్ని పాలిప్ అంటారు. ఒక నోరు, దాని చుట్టూ మీసాల వరస, అంతే దాని ఒళ్లు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తన కింద తాను గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. పక్కన ఇంకొకటి మొలుస్తుంది. అదీ కడుతుంది. కొన్నాళ్లకు పాత గూళ్లు కింద పడిపోయి రాయిగా మిగులుతాయి, పైపొర మాత్రమే బతికి వుంటుంది. కొమ్మల పగడాలు కొన్ని ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గుండ్రాయిలాంటివి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. ఈ లెక్కన ఎంత కట్టగలవు? డార్విన్ 1842లో పగడపు దిబ్బల నిర్మాణం మీద పుస్తకం అచ్చువేశాడు. కింద ద్వీపం మునిగిపోతూ వుంటే, పైన పగడాలు వెలుతురు కోసం కట్టుకుంటూ పోతాయనీ, చివరికి ద్వీపం కనపడకుండా పోయి వలయం మిగులుతుందనీ ఊహించాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటోక్ దగ్గర తవ్వి చూస్తే, అగ్నిపర్వతపు రాయి తగలడానికి ముందు వెయ్యి మీటర్లకు పైగా పగడపు సున్నపురాయే వచ్చింది. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బలు, సముద్ర జీవజాతుల్లో పాతిక శాతానికి ఏదో ఒక దశలో ఆశ్రయం ఇస్తాయని అంచనా.

పెదవికి పోలిక తెచ్చే కవి దగ్గర ఈ నిర్మాణం ఏదీ లేదు. అతని దగ్గర రంగు ఒక్కటే వుంది. మార్క్స్ కాపిటల్ మొదటి సంపుటంలో తేనెటీగనూ వాస్తుశిల్పినీ పోల్చిన చోటు మన పాఠకులకు తెలుసు. కట్టబోయేదాన్ని ముందే మనసులో కట్టుకోవడం మనిషి శ్రమకున్న ప్రత్యేకత అని అక్కడి సారం. పాలిప్ తేనెటీగ వైపున వుంటుంది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి వాస్తుశిల్పి వైపున వుంది. కానీ ఆమె మనసులో కట్టుకున్నది పగడం ఆకారం కాదనీ, పగడం పెరిగే పద్ధతి అనీ తర్వాత అడిగితే తెలిసింది. ఆమె కొమ్మను చేసి గిన్నెలు అతికించలేదు. చిన్న చిన్న గిన్నెలు చుట్టి, ఒకదాని భుజం మీద ఒకటి అతికించుకుంటూ పోయింది. కొమ్మ దానంతట అదే వచ్చింది. కొన్ని చోట్ల వంకర పోయింది. వంకరను సరిచెయ్యలేదు. "సముద్రంల గూడ అలలు తగిలే కాడ పొట్టిగ, లావుగ పెరుగుతయంట సార్, అలలు లేని కాడ సన్నగ పొడుగు" అంది. ఆ మాట నిజమే. ఒకే జాతి పగడం నీటి ఒత్తిడిని బట్టి వేరువేరు ఆకారాలు తీసుకుంటుంది.

ఇక్కడ కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే వస్తువూ శిల్పమూ అని మనం అరవయ్యేళ్లుగా చేస్తున్న చర్చలో శిల్పమనే మాట వినగానే మనకు తోచేది రాయి. చెక్కడం అంటే తీసివెయ్యడం. కాగితంలో తీసివెయ్యడం సగమే. కాగితం ఒక వైపుకే వంగుతుంది. చుడితే గొట్టం అవుతుంది, మెలిపెడితే పొట్లం అవుతుంది. రెండు వైపులకూ ఒకేసారి వంచబోతే ముడతపడుతుంది, లేదా చిరుగుతుంది. కాగితం సాగదు కనక ఇది తప్పదు. గుండ్రని కాగితం ముక్క తీసుకుని అందులోంచి ఒక పాలు కోసేసి అంచులు కలిపితే గిన్నె లేస్తుంది. కోసేసిన పాలును తీసుకుపోయి ఇంకొక గుండ్రని ముక్కలో చీలిక చేసి అక్కడ అతికిస్తే, ఆ ముక్కకు మధ్యలో వున్నదానికన్నా అంచులో ఎక్కువ కాగితం వచ్చి పడుతుంది. అది బల్ల మీద పరుచుకోలేక పైకీ కిందికీ అలలు వేస్తుంది. పావడా కుచ్చిళ్ల రహస్యం ఇదే. క్యాబేజీ ఆకుదీ ఇదే. ముడతల పగడానిదీ ఇదే.

గణితంలో దీన్ని హైపర్బోలిక్ తలం అంటారు. కాగితంతో దాన్ని చేసి చూపవచ్చు గానీ ఆ నమూనాలు చేతిలో నలిగిపోయేవి. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితశాస్త్రవేత్త దాన్ని కొక్కెం అల్లికతో చేసి చూపించింది. వరసవరసకూ కుట్లు పెంచుకుంటూ పోతే చాలు. ఆ పద్ధతి పట్టుకుని 2005లో లాస్ ఏంజెలిస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వర్త్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు ఊలుతో పగడపు దిబ్బను అల్లడం మొదలుపెట్టారు. వాళ్లు పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, అంటే గ్రేట్ బారియర్ రీఫ్ వున్న తీరం. వేలమంది స్త్రీలు తమతమ ఊళ్లలో అల్లి ఆ దిబ్బకు కలిపారు. 2019లో అది వెనిస్ బియెన్నాలెలో ప్రదర్శితమైంది. అల్లికలు ఆడవాళ్ల కాలక్షేపమని పక్కన పెట్టిన శ్రమలో ఉన్నత గణితం ఇమిడి వుండడం చూసి ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది. మన ముగ్గుల్ని చూసిన వాళ్లకు ఇందులో అంత ఆశ్చర్యం వుండనక్కర్లేదు.

పగడానికి ఈ ముడతలు సోకు కోసం కాదు. ముడత ఎక్కువైన కొద్దీ అదే చోటులో నీటికి తగిలే ఒంటి వైశాల్యం పెరుగుతుంది. ఆహారమూ వెలుతురూ ఎక్కువ అందుతాయి. కనక అక్కడ రూపమే బతుకుతెరువు. నేను "అలంకరణ ఎక్కువ" అని రాసినది సరిగ్గా ఈ ముడతల గురించే. వస్తువును ఒక పక్కా శిల్పాన్ని ఒక పక్కా పెట్టి తూచే అలవాటు నన్ను అక్కడ మోసం చేసింది. వస్తువు వుంటే చాలు శిల్పం దానంతట అదే వస్తుందన్న మన పాత వాదం కూడా ఇక్కడ నిలబడదు. కోసిన పాలును ఎక్కడ అతికించాలో తెలియకపోతే దిబ్బ రాదు, ఎంత సానుభూతి వున్నా.

ఈ తెలివి ఆ అమ్మాయికి ఎక్కడిది? ఆమె సముద్రం చూడలేదు. బంగాళాఖాతం ఇక్కడికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. పుస్తకంలో బొమ్మలు చూసింది, ఫోనులో చిన్న చిత్రం ఒకటి చూసింది. అనుభవం లేనిదాన్ని గురించి రాయకూడదని మనం కొత్త రచయితలకు చెబుతూ వుంటాం. మరి ఇది? అడిగితే సంగతి బయటపడింది. వాళ్ల నాన్న బైండింగు పనివాడు. పుస్తకాల అంచులు కోసినప్పుడు పడే కటింగు రద్ది ఇంటికి వస్తుంది. పొయ్యి రాజెయ్యడానికి, పిల్లలు ఆడుకోవడానికి. సన్నని తెల్ల పట్టీలు, వేలకు వేలు. కాగితానికి పీచు ఒక వరసలో వుంటుందనీ, వరస వెంట చుడితే మెత్తగా తిరుగుతుందనీ, అడ్డం చుడితే పెళుసుగా విరుగుతుందనీ ఆమెకు ఐదేళ్ల వయసునుంచీ వేళ్లకు తెలుసు. మైదా లైలో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని తెలుసు. లై ఎక్కువైతే కాగితం ఉబ్బి ఆరేటప్పుడు మెలి తిరుగుతుందని తెలుసు. ఆ మెలి కావలసిన చోట కావాలనే ఎక్కువ రాసింది. ఆమెకున్న అనుభవం సముద్రానిది కాదు, కాగితానిది. సముద్రాన్ని చదువుకుంది, కాగితాన్ని పుట్టినప్పటినుంచీ బతికింది. రెండూ కలిస్తేగాని ఆ దిబ్బ లేదు. గోవా బీచిలో నాలుగు రోజులుండి వచ్చి సముద్రం మీద దీర్ఘ కవిత రాసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు సముద్రపు అనుభవం వుంది, మాట అనుభవం లేదు.

ఇక తెలుపు సంగతి. నేను రంగు కాగితం దొరకలేదా అని అడిగిన తెలుపు. బతికున్న పగడానికి చాలావరకు రంగు దానిది కాదు, దాని ఒంట్లో కాపురం వుండే నాచుది. ఆ నాచు వెలుతురునుంచి ఆహారం తయారుచేసి పాలిప్‌కు పెడుతుంది, పాలిప్ దానికి చోటిస్తుంది. సముద్రపు నీరు ఆ ప్రాంతపు వేసవి వేడికన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే వుంటే ఈ పొత్తు చెడుతుంది. పాలిప్ నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడు గాజులాంటి పాలిప్ ఒంటిలోంచి కింద వున్న సున్నపు ఎముక కనిపిస్తుంది. అదే తెల్లబారడం. అది చావు కాదు, ఆకలి. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగి చేరి పగడం కోలుకోవచ్చు. తగ్గకపోతే చస్తుంది. చచ్చిన పగడం తెల్లగా ఎక్కువకాలం వుండదు, గోధుమరంగు నాచు పట్టి మాసిపోతుంది. కనక తెలుపంటే బతుక్కీ చావుకీ నడుమ మిగిలిన గడువు.

ప్రపంచమంతటా ఇలా తెల్లబారడం 1998లో, 2010లో, 2014నుంచి 2017దాకా జరిగింది. నాలుగోసారి జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2023 మొదలు 2025 మార్చి లోపల ప్రపంచపు దిబ్బల్లో 84 శాతం వైశాల్యం ఈ వేడి దెబ్బకు గురైందని లెక్క తేలింది. మన లక్షద్వీపాల్లోనూ 2024లో పెద్దయెత్తున తెల్లబారాయి. సముద్రం అంతట అది వేడెక్కలేదు. బొగ్గూ చమురూ మండించి లాభం తీసినవాళ్లు ఒక చోట, తెల్లబారిన దిబ్బ పక్కన వల వేసుకుని ఖాళీగా తిరిగి వచ్చే జాలరి ఇంకొక చోట. ఇది మన పాఠకులకు విడమరిచి చెప్పవలసిన విషయం కాదు. అయితే ఇది చెప్పడానికి ఆ అమ్మాయి ఒక నినాదం అట్ట మీద రాసి పక్కన పెట్టలేదు. రంగు వెయ్యడం మానుకుంది. నేను ఆ మానుకోవడాన్ని చదవలేకపోయాను. పక్కన అట్ట వుండి వుంటే ఏడు మార్కులు వేసేవాణ్ణేమో. ఈ ఒప్పుకోలు నాకు సుఖంగా లేదు.

తెల్ల కాగితంతో పగడాలు చేసే కళాకారులు బయట ప్రపంచంలో వున్నారు. ఫ్రాన్స్‌లో వుండి పనిచేసే రోగన్ బ్రౌన్ చురకత్తితోనూ, కొన్నిటికి లేజరుతోనూ కాగితం కోసి పొరలు పొరలుగా పేర్చి, సూక్ష్మజీవుల్నీ పగడాల్నీ చేస్తాడు. ఒక్కొక్క పనికి నెలలు పడుతుంది. "ఘోస్ట్ కోరల్" అని పేరు పెట్టినవి తెల్లబారిన పగడాల గురించే. తెలుపు మీద తెలుపు కాబట్టి అక్కడ చిత్రం గీసేది నీడ ఒక్కటే. దీపం జరిపితే శిల్పం మారుతుంది. ఆయన మీద జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ ప్రభావం వుంది. హెకెల్ 1899నుంచి 1904దాకా ప్రకృతిలోని కళారూపాలంటూ నూరు చిత్రపటాలు అచ్చువేశాడు. 1900 పారిస్ ప్రదర్శన ముఖద్వారాన్ని హెకెల్ చిత్రాల స్ఫూర్తితోనే కట్టారు. హెకెల్ జీవుల్ని వున్నదానికన్నా ఎక్కువ సౌష్ఠవంతో గీశాడన్న విమర్శ వుంది. నాకూ ఆ పటాలు చూస్తే అలాగే అనిపిస్తుంది. ప్రతిదీ నగలా వుంటుంది. పెదవి మీది పగడం అక్కడికీ పోయిందన్నమాట.

ఈ ప్రమాదం కాగితపు శిల్పానికి ఎప్పుడూ వుంది. గాజుపెట్టెలో పెట్టి, మంచి దీపం వేసి, ధనికుడి హాలులో గోడకు తగిలిస్తే, చస్తున్న దిబ్బ కూడా చల్లగా, అందంగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా వుంటుంది. ఇబ్బంది పెట్టే తెలుపు ఎలా వుంటుందో చూడాలంటే సోమనాథ్ హోర్ దగ్గరికి రావాలి. చిట్టగాంగ్‌లో పుట్టి (1921), 1943 బెంగాల్ కరువును బొమ్మల్లో నమోదు చేసి, 1946లో కమ్యూనిస్టు పార్టీ తరఫున తేభాగా రైతుల మధ్య తిరిగి దినచర్య రాసిన మనిషి ఆయన. 1970 దశకంలో "ఊండ్స్" అనే వరస చేశాడు. గాయాలన్నమాట. మట్టి పలక మీద కత్తితో కోసి, కాల్చిన చువ్వతో పొడిచి, దాన్ని అచ్చు తీసి, ఆ అచ్చు మీద తడి కాగితపు గుజ్జు పరిచి ఒత్తాడు. ఆరిన తర్వాత వచ్చేది తెల్ల కాగితం మీద తెల్ల గాయం. మనిషి లేడు, ముఖం లేదు, జెండా లేదు. చర్మంలా వున్న కాగితం, దానిలో ఒక చీలిక. ఆ కాగితానికి రంగు వేస్తే ఏమయ్యేదో ఊహించండి. గుజ్జు కాగితానికి నేను పైన చెప్పిన నియమం వర్తించదన్నది గమనించాలి. అది ఒక వైపుకే వంగే తలం కాదు, ఏ అచ్చులో పోస్తే ఆ అచ్చు. అందుకే గాయానికి అది సరిపోయింది. పగడానికి కోసి అతికించే కాగితం సరిపోయింది. ఎవరి పదార్థం వాళ్లు తెలిసి ఎంచుకున్నారు.

కాగితం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న కూడా ఈ కళలో దాచడానికి లేదు. పూర్వపు హైదరాబాదు రాజ్యంలో, 1956దాకా మనతో కలిసి వున్న ఔరంగాబాదు ప్రాంతంలో, దౌలతాబాదు దగ్గర కాగజీపుర అని వూరుంది. తుగ్లక్ రాజధాని మార్చినప్పుడు వచ్చిన కాగితం పనివాళ్లు అక్కడ స్థిరపడ్డారని చెబుతారు. కాగజీలు పాత గుడ్డలు సున్నపు నీళ్లలో నానబెట్టి, దంచి, తొట్టిలో కలిపి, గడ్డిపుల్లల చాపతో పైకెత్తి, గోడకు అంటించి ఆరబెట్టి, గంజి పూసి, రాయితో రుద్ది నునుపు చేసేవాళ్లు. మిల్లు కాగితం వచ్చి ఆ వృత్తిని దెబ్బ తీసింది. మన తెలంగాణలో ఆ మిల్లు పేరుతో ఒక పట్టణమే వుంది, కాగజ్‌నగర్. సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో ఏర్పడి 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. గుడ్డపీలికల బదులు ఆదిలాబాద్ అడవుల వెదురు కాగితమైంది. 2014లో మిల్లు మూతపడింది. 2018లో కొత్త యాజమాన్యం కింద తెరిచేదాకా నాలుగేళ్లు కార్మికులు ఎలా బతికారో ఆ వూళ్లో ఎవరినడిగినా చెబుతారు. అడవి పోయి కాగితం వచ్చింది, ఆ కాగితం కోసి సముద్రం పోతోందని చెబుతున్నాం. ఈ వైరుధ్యం కళాకారుడు తప్పించుకోలేనిది. కటింగు రద్దితో చేసినవాళ్లకు అది కాస్త తక్కువ బరువు.

ఇంకొక సంగతి చదువుతుంటే దొరికింది. ఈ రోజుల్లో అచ్చు కాగితానికి తెలుపూ దట్టమూ రావడానికి మిల్లులో సున్నపురాయి పొడి కలుపుతారు. బరువులో చెప్పుకోదగ్గ భాగం అదే. పగడపు గూడు కూడా రసాయనికంగా ఆ పదార్థమే, కాల్షియం కార్బొనేట్. కాగితపు పగడంలో పగడపు సరుకు నిజంగానే కొంత వుందన్నమాట. కాగితం ప్రాణం లేని పదార్థమన్న నా సిద్ధాంతం అక్కడ పూర్తిగా పడిపోయింది. దిబ్బలో తొంభై పాళ్లు ప్రాణం లేని పదార్థమే కదా. బతికి వున్నది పైపొర ఒక్కటే.

ఇదంతా చదివాక ఆ అమ్మాయిని పిలిచి, దిబ్బ ఏమైందని అడిగాను. ప్రదర్శన అయిపోగానే బల్లలు ఖాళీ చెయ్యమంటే బీరువా పైన పెట్టిందట. వానాకాలం తేమకు కొమ్మలు వాలిపోయాయి. అంచుల ముడతలు కొన్ని చదునయ్యాయి. ఇద్దరం కలిసి దింపాం. దగ్గరగా చూస్తే, తెల్లని గిన్నెల లోపలి వైపున అక్షరాలు కనపడ్డాయి. కటింగు పట్టీలలో కొన్ని అచ్చు వున్నవి వచ్చాయట. ఏదో పాఠ్యపుస్తకం అంచు, ఒక శుభలేఖలో సగం పేరు, పంచాంగంలో ఒక తిథి. అచ్చు వైపు లోపలికి వచ్చేలా చుట్టింది. మార్కులు సరిదిద్దే వీలు ఇప్పుడు లేదని చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"మార్కులు ఏం జేస్కుంట సార్" అంది. ఈ ఏడు మళ్లీ చేస్తుందట. ఒక మూల మాత్రం రంగు వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తోంది, కోలుకున్న పగడాలుగా. రంగు వేస్తే అబద్ధమవుతుందని నువ్వే అన్నావు కదా అన్నాను. "కోలుకున్నయి గూడ ఉన్నయి గద సార్" అంది. నాకు జవాబు తోచలేదు. పాత జవాబు పత్రాల కట్ట ఒకటి ఇమ్మని అడిగింది. ఎర్ర సిరా పడినవి అయితే మరీ మంచిదట. ఇచ్చాను.